ఎమ్మిగనూరుకు గాలికి పోయిన వైనం

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో పోతే గంట. మాటిమాటికీ బస్సులున్నాయి. ఈ ప్రయాణం తలపెట్టినప్పటి నుంచి ఆ సంగతి నాకు చెప్పనివాళ్లు లేరు. పాలు పోసే ఆయన చెప్పాడు, కూరగాయల బండామె చెప్పింది, పెళ్లయిన నాటి నుంచి నాకు ఏ దారీ సరిగా చెప్పని మా ఆయన కూడా చెప్పాడు. బస్సులున్నాయని నాకూ తెలుసు. నేను పోవాలనుకున్నది ఎమ్మిగనూరుకు కాదు, సైకిలు మీద ఎమ్మిగనూరుకు. ఈ రెండూ వేరువేరు ఊళ్లు.

దీనికంతటికీ కారణం మా చెల్లెలు సుగుణ. ఎమ్మిగనూరులో కాపురం. మా అమ్మకు షుగరు ముదిరి చివర్లో ఎడమ పాదం తీసేశారు. ఆ ఆస్పత్రి మంచం పక్కన మేమిద్దరం వంతులేసుకొని కూర్చున్నవాళ్లమే. ఈ ఏడు శివరాత్రి దాటినాక ఇద్దరం కలిసి రక్తపరీక్ష చేయించుకుంటే ఇద్దరికీ గీత దాటి ఉంది. మందుల సంగతి తర్వాత చూద్దాం, ముందు తిండి తగ్గించి రోజూ ఒళ్లు కదిలించండి అంది డాక్టరమ్మ. నేను సైకిలు కొన్నాను. సుగుణ సోఫా కొంది.

అప్పటి నుంచి రోజూ ఫోనులో వాదనే. వీధి చివరిదాకా నడిచి రావే అంటే మోకాళ్లు అంటుంది. మోకాళ్లకు డాక్టరమ్మ ఏమీ లేదంది గదా అంటే, "ఆయమ్మకేం తెలుసు, మోకాళ్లు నావి గదా" అంటుంది. చివరికి ఒకరోజు విసుగొచ్చి పందెం వేసింది.

"నువ్వు ఆదోని నుంచి మా ఇంటికి సైకిలు మీద రా. మళ్లీ సైకిలుతోనే పో. మధ్యలో బస్సు గానీ ఆటో గానీ ఎక్కినావంటే, ఇంక జన్మలో నాకు నడవమని చెప్పగూడదు. ఎక్కకుండా ఇల్లు చేరినావంటే తెల్లారే నేను నడక మొదలుపెడతా."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడేది నేను, తొక్కేది నువ్వు. నీదే కష్టం" అంది.

నా ఈడులో సైకిలు మొదలుపెట్టాలనుకునే వాళ్ల కోసం రెండు మాటలు. డిగ్రీ చదివే రోజుల్లో తొక్కిన నేను మళ్లీ ఎక్కింది మొన్న శివరాత్రి తర్వాతే. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది. ధైర్యానికి సీటు కిందికి దించుకుంటాం, అది తప్పు. మోకాళ్లు పట్టేసేది అందుకే. పెడలు అడుగుకు పోయినప్పుడు కాలు ఇంచుమించు చాపినట్టుండాలి. గేర్లుంటే తేలికది పెట్టుకొని తొందరగా తొక్కండి, బరువుది పెట్టుకొని మూలగొద్దు. కూర్చునే చోట నొప్పి మొదట్లో తప్పదు, సిగ్గుపడి మానేయొద్దు, కొన్నాళ్లకు అదే పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, తొక్కుతూ మాట్లాడగలగాలి. మాట తెగకుండా వస్తే వేగం సరిపోయినట్టు. మధ్యలో ఊపిరికి ఆగితే ఎక్కువైనట్టు. ఇంతకంటే నాకు సరిపోయే వ్యాయామం ఏముంటుంది? మా ఆడబిడ్డకు ఇన్నేళ్లుగా చెప్పకుండా దాచుకున్నవన్నీ మైదానం చుట్టూ తిరుగుతూ పైకే చెప్పేశాను. ఒంటికి మంచిది, మనసుకు ఇంకా మంచిది.

ఆషాఢంలో ఒక ఆదివారం ఉదయం ఆరుంపావుకు బయలుదేరాను. చున్నీ నడుముకు బిగించి కట్టాను. ముందు బుట్టలో నీళ్ల సీసా, గుప్పెడు వేరుశనగలు, తువాలు. తలకు హెల్మెట్. మా ఆయన గేటు దగ్గర నిలబడి, "అలిసిపోతే ఫోను చెయ్యి, స్కూటరేసుకొని వస్తా" అన్నాడు. స్కూటరెక్కితే పందెం పోతుందని తెలిసే అన్నాడో తెలియక అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పత్తి మిల్లుల గోడలు దాటి ఊరి బయటపడేసరికి నాకే ఆశ్చర్యం. సైకిలు దానంతట అది పోతోంది. పెడలు మీద కాలు పెట్టడమే ఆలస్యం, చక్రం ముందుకు లాగుతోంది. మైదానంలో ఇంత సుఖంగా ఎప్పుడూ పోలేదు. ఇన్ని నెలల సాధన ఊరికే పోతుందా అనుకున్నాను. కాళ్లలో కండ పడింది, ఊపిరితిత్తులు తెరుచుకున్నాయి, ఇది శాస్త్రం. కరెంటు తీగలకు చిక్కిన గాలిపటాల తోకలన్నీ తూర్పుకే చాపి ఉన్నాయి. ఒక నల్ల ప్లాస్టిక్ కవరు రోడ్డు మీద దొర్లుతూ నాతో చాలాసేపు పోటీపడింది. చివరికి నన్ను దాటేసి పోయింది. దానికేం తొందరో అనుకున్నాను.

రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. కొన్ని చోట్ల పత్తి మొలకలు రెండాకులేశాయి, కొన్ని చోట్ల విత్తనం వేసి ఆకాశం కేసి చూస్తున్నారు. మబ్బులు బోలెడు, ఒక్కటీ నిలబడటం లేదు. గట్ల మీది తుమ్మచెట్లు, వేపచెట్లు చాలావరకు ఎమ్మిగనూరు వైపే వంగి ఉన్నాయి. ఇదేం వింత అని ఆగి చూశాను. బస్సులో ఇన్నేళ్లు తిరిగాను గానీ ఈ వంపు నా కంట పడలేదు. నీళ్ల కోసమా, ఎండ కోసమా, ఎందుకిట్లా వంగుతాయి? ఎవరినైనా అడగాలని మనసులో పెట్టుకున్నాను.

ఏడు దాటినాక వెనక నుంచి మోపెడ్ మీద ఒక పురోహితుడొచ్చాడు. పంచె, భుజాన సంచి, హ్యాండిలుకు దర్భల కట్ట. నా పక్కన వేగం తగ్గించి, "యాడికమ్మా?" అన్నాడు.

"ఎమ్మిగనూరు, స్వామీ."

"నేనూ ఆడికే. ఒక తద్దినం ఉంది." నన్నూ సైకిలునూ ఎగాదిగా చూసి నవ్వాడు. "బాగా గాలికి పోతాండారే!"

నాకు మండింది. మా ఇళ్లల్లో గాలికి పోవడమంటే ఒకటే అర్థం. చదువు మానేసి సెంటర్లో నిలబడే పిల్లవాడు గాలికి పోయినవాడు. ఇల్లు పట్టకుండా ఊరు తిరిగే ఆడది గాలికి పోయినది.

"గాలికి పోయేంత తీరిక నాకు లేదు స్వామీ. పనుండే పోతున్నాను. మీరు మోపెడ్ మీద పోతే వృత్తి, నేను సైకిలు మీద పోతే గాలికి పోయినట్టా? తద్దినం పెట్టించేవాళ్లతో కూడా ఇట్లాగే మాట్లాడతారా?"

ఆయన బిత్తరపోయాడు. "అదిగాదమ్మా, నేనన్నేది..."

"మీరన్నేది నాకు బాగా అర్థమైంది. పోయి రండి."

పోయాడు. నేను ఆ తర్వాత చాలా దూరం ఆయనకు చెప్పాల్సినవి పైకే చెప్పుకుంటూ తొక్కాను. ఒక్క మాట కూడా తెగలేదు. చూశారా, సాధన.

కోటేకల్లు ఇంకా కొంత దూరముందనగా రోడ్డు పక్క రేకుల పందిట్లో ఆగి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బజ్జీ ఒకటే అడిగాను, రెండు పెట్టింది, రెండూ తిన్నాను. పొయ్యి చుట్టూ గోనెపట్టాలు కట్టి, వాటికి రాళ్లు వేలాడదీసింది ఆమె.

"ఈ గాలి నిలిస్తే గదమ్మా వాన" అంది మూకుట్లో జల్లిగంటె తిప్పుతూ. "పొద్దన్నించి మంట నిలబడల్యా."

నేను తల ఊపి, "ఆదోని నుంచి సైకిలు మీద వచ్చాను" అన్నాను.

"ఆ, ఈ దిక్కుకయితే వస్తారులే" అంది. అదేం మాటో నాకర్థం కాలేదు. పల్లెల్లో మెచ్చుకోవడం రాదు అనుకొని డబ్బులిచ్చి లేచాను.

ఎనిమిదింపావు కాకముందే సుగుణ ఇంటి ముందు బెల్లు కొట్టాను. ఆ వీధిలో ఒకప్పుడు ఇంటింటా మగ్గమే. ఇప్పుడు ఎక్కడో ఒక ఇంట్లో ఆడుతోంది, ఆ చప్పుడులోనే సుగుణ తలుపు తీసింది. నన్ను చూడకుండా వీధి అటు చివరికి చూసింది.

"ఏ బస్సులో దిగినావు?"

"చక్రం పట్టుకొని చూడు, ఎట్లా కాలుతోందో."

నిజంగానే వంగి పట్టుకొని చూసింది. నేను చెమట కూడా పెద్దగా పట్టకుండా నిలబడ్డాను. దారిలో తినడానికి ఆగినదీ కలిపి రెండు గంటలు దాటలేదని చెప్పాను. చెల్లెలి ముఖం వాడిపోయింది. పొద్దున లేచి నడవాల్సి వస్తుందని మొదటిసారి నిజంగా భయపడింది.

"ఇంకా పోయేది ఉంది గదా" అంది నెమ్మదిగా.

"వచ్చినదాన్ని పోలేనా?"

మధ్యాహ్నం జొన్నరొట్టె, గుత్తివంకాయ, పెరుగు. ఆ తర్వాత నెయ్యి కారుతున్న ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చి పెట్టింది. ఇదేమిటే, ఇద్దరికీ షుగరు గదా అంటే, "ఇది బెల్లమక్కా, చక్కెర గాదు" అంది. అమ్మ కూడా ఇదే మాట అనేది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది, ఓళిగ సగం తుంచి గిన్నెలో పెట్టేసింది. మిగతా సగం మాత్రం తినేసింది.

రెండున్నరకు బయలుదేరాను. ఇళ్ల మధ్యన ఉన్నంతసేపు ఏమీ తెలియలేదు. ఊరు దాటి పొలాలు విచ్చుకోగానే ఎవరో ఎదురుగా నిలబడి రొమ్ము మీద చెయ్యి పెట్టి నెట్టినట్టయింది. తేలిక గేరు వేశాను. ఇంకా తేలికది వేశాను. మైదానంలో మొదటిరోజు తొక్కినట్టు పోతోంది సైకిలు. టైరులో గాలి పోయిందేమోనని దిగి నొక్కి చూశాను, రాయిలా ఉంది. బ్రేకు పట్టేసిందేమోనని చక్రం ఎత్తి తిప్పాను, బాగానే తిరిగింది. రెండు బజ్జీలదా, ఓళిగదా ఈ పాపం అని ఆలోచిస్తుండగా ఎదురుగా రోడ్డు మీద దొర్లుకుంటూ వచ్చి ఒక ప్లాస్టిక్ కవరు నా ముఖానికి అంటుకుంది.

దాన్ని లాగి పారేసి అట్లాగే నిలబడ్డాను. గట్టు మీద వేపచెట్టు నాకు వ్యతిరేక దిక్కున, ఎమ్మిగనూరు కేసి వంగి ఉంది. గాలిపటాల తోకలు, బజ్జీల పొయ్యికి కట్టిన పట్టాలు, ఈ దిక్కుకయితే వస్తారన్న ఆమె మాట, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆషాఢమాసం. పడమటి గాలి. పొద్దున నా వీపు మీద చెయ్యేసి ఎమ్మిగనూరుదాకా నెట్టుకొచ్చింది సాధన కాదు. ఈ జిల్లాలో పుట్టి పెరిగి, ఎం.ఏ. దాకా చదివి, ఏటా ఆషాఢంలో కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయని విసుక్కుంటూ, ఆ గాలి ఎటు నుంచి ఎటు పోతుందో ఒక్కసారీ గమనించనిదాన్ని. ఆ పురోహితుడు నన్ను తిట్టలేదు. గాలి పోయే దిక్కుకే పోతున్నావు, సుఖంగా ఉందని చెప్పాడంతే.

పది పెడళ్లకోసారి ఆగుతూ పోతుంటే పల్లెవెలుగు బస్సొకటి పక్కన ఆగింది. "సైకిలు పైనేసి ఎక్కమ్మా, ఈ గాలికి యాడ తొక్కుతావు" అన్నాడు కండక్టరు తల బయటపెట్టి. కిటికీల్లో జనం హాయిగా కునికిపాట్లు పడుతున్నారు. నా కాళ్లు అప్పటికే ఎక్కేశాయి. నోరు మాత్రం, "మీరు పోండన్నా" అంది. ఎవరికోసమన్నానో నాకు తెలుసు. ఇంటికి పోయాక ఫోనులో, ఏం సుగుణా నడిచినావా, అని అడిగే హక్కు ఆ బస్సు మెట్టు మీద ఉంది.

బస్సు పోయిన కాసేపటికే మోపెడ్ చప్పుడు. పురోహితుడే, తద్దినం ముగించుకొని తిరిగి పోతున్నాడు. నన్ను చూసి దూరంగానే వేగం పెంచబోయాడు. నేనే చెయ్యెత్తి ఆపాను.

"స్వామీ, పొద్దున మీరన్నది గాలి దిక్కుకు పోతున్నానని గదా?"

"అంతేగదమ్మా. మీరు నన్ను చెప్పనిస్తే గదా."

"గాలివాటున పోతున్నారు అని ఉంటే నాకర్థమయ్యేది. గాలికి అంటే ఎవరికైనా కోపం రాదా?"

"మా ఊళ్లో గాలికి అనే అంటారమ్మా. పైరు గాలికి ఒరిగింది, పొగ గాలికి పోయింది అంటాం. మీరు ఆదోనిలో పిల్లల్ని తిట్టేకి వాడుకుంటే నేనేం జేసేది?" ఆయనా తగ్గేవాడు కాదు. నాకు నచ్చాడు. "పోనీ, తాడు కట్టి లాగమంటారా?"

తాడు కట్టి లాగించుకుంటే బండి ఎక్కినట్టా కాదా అని ఒక నిమిషం నిజంగానే ఆలోచించి వద్దన్నాను. సుగుణ చేతిలో పడితే ఆ తాడుతోనే నన్ను ఉరేస్తుంది.

కోటేకల్లు దాటినాక రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. ఎత్తు, గాలి రెండూ కలిసేసరికి దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచాను. అప్పుడొచ్చింది వెనకనుంచి ఆటో. అందులో సుగుణ. నేను ఊరు దాటగానే సైకిలు బస్సు మీద వేస్తానని అనుమానం పుట్టి, వాళ్ల వీధిలో ఆటో తోలే ఖాజాను తీసుకొని బయలుదేరింది. చెల్లెళ్ల నమ్మకం అట్లా ఉంటుంది.

ఆటో నా పక్కకొచ్చింది. సుగుణ తల బయటపెట్టి ఏదో అరిచింది. ఇంజను చప్పుడొకటి, గాలి ఒకటి. నాకు ఒక్క ముక్క వినపడలేదు. "ఏమంటున్నావే?" అన్నాను. ఆ మాట గాలి వెనక్కి తీసుకుపోయింది. ఆమె మళ్లీ అరిచింది, నేను మళ్లీ చెవి చూపించాను. ఇక ఓపిక నశించి, ఆటో ఆపించి, చెంగు బిగించుకొని దిగి నా పక్కకొచ్చింది.

"నడుస్తాండావేంది? పందెం తొక్కేది గదా!"

"పందెం బండి ఎక్కగూడదని. 'సైకిలుతోనే పో' అన్నావు. సైకిలు నాతోనే ఉంది."

"అది లాయరు మాట. పొద్దున రెండు గంటల్లో వస్తినని ఎగిరినావే, ఆ కాళ్లు యాడ పోయినాయి?"

"పొద్దున గాలి తోసింది" అని ఒప్పుకున్నాను. సుగుణ కడుపు పట్టుకొని నవ్వింది. నడుస్తూనే నవ్వింది, ఎందుకంటే నేను ఆగలేదు. ఆగి చెబితే గాలికి వినపడదు, పక్కన ఉంటేనే వినపడుతుంది. పురోహితుడి సంగతి చెప్పాను, ఇంకా నవ్వింది. అక్కడి నుంచి ఓళిగల మీదికి పోయింది మాట, ఓళిగల నుంచి అమ్మ మీదికి.

"అమ్మ దగ్గర రాత్రులు నేను కూర్చుంటి. నువ్వు పగలు వచ్చి పెత్తనం జేసి పోయినావు" అంది.

"డాక్టర్లతో మాట్లాడింది ఎవరు?"

"మాట్లాడితే పాదం వచ్చిందా?" అని, "నాకు దానికే భయమక్కా. నడిస్తే యాడ నొప్పి పుడతాదో, పుడితే అది అదేనేమో అని. కూర్చుంటే ఏమీ తెలీదు గదా" అంది.

నాలుగు నెలల వాదనలో ఈ మాట ఎప్పుడూ రాలేదు. నేను మోకాళ్లకు జవాబులు చెబుతూ ఉన్నాను, ఆమెకేమో భయం పాదం గురించి. సైకిలు హ్యాండిలు ఒక పక్క ఆమె చేతికిచ్చాను. ఇద్దరం చెరోపక్క పట్టుకొని నెట్టాం. ఖాజా వెనక పాకుతున్నాడు, నడుమనడుమ హారను కొట్టి, "అక్కా, నేనుండల్నా పోవల్నా?" అని అరుస్తున్నాడు. సుగుణ వెనక్కి తిరక్కుండానే చేత్తో ఉండమని సైగ చేసింది.

ఎత్తు అయిపోయింది. పైన నిలబడి సుగుణ వెనక్కి చూసింది. తను ఆటో దిగిన చోటు ఎక్కడో కింద, మలుపు అవతల, కనపడకుండా పోయింది. ఆ మలుపు కేసి చాలాసేపు చూసింది. తర్వాత తన కాళ్ల కేసి చూసుకుంది, అవి ఎవరివో అయినట్టు.

దారంతా ఆపకుండా పోట్లాడింది, ఒక్క మాట తెగలేదు. ఆ సంగతి నా నాలుక చివర ఉంది. పైకంటే వెంటనే తనకు మోకాళ్లు గుర్తొస్తాయి. నాకు మాట మింగడం అలవాటు లేదు, అయినా మింగాను.

"ఏందక్కా, మాట్లాడవు?" అంది అనుమానంగా.

"గాలి" అన్నాను.

ఆమె ఆటో ఎక్కి వెనక్కి పోయింది. నేను సైకిలెక్కాను. ఈ దారిన రాదలచినవాళ్లు ఆషాఢంలో వస్తే మాత్రం ముందు గాలికి ఎదురు పోయి, తర్వాత గాలితో ఇల్లు చేరండి. నాలా తలకిందులు చేసుకోకండి. ఎదురుగాలిలో తల వంచి, మోచేతులు మడిచి, ఎంత దూరం పోయామని కాకుండా ఎంతసేపు తొక్కామని చూసుకోండి. నీళ్లు దండిగా పెట్టుకోండి. దిగి నడవడానికి సిగ్గుపడొద్దు, నడవడం కూడా పోవడమే. ఆలూరు దిక్కున గుట్టల మీద గాలిమరలు తీరిగ్గా తిరుగుతున్నాయి. అవి నిలబెట్టినవాళ్లకు నాకంటే ముందే అన్నీ తెలుసు. నాకు చెట్లు ఎందుకు వంగాయో ఈరోజే తెలిసింది. బస్సు కిటికీలోంచి చూస్తే ఇంకో యాభై ఏళ్లకు కూడా తెలిసేది కాదు.

పొద్దు గూకే వేళకు గాలి కాస్త తగ్గింది. చీకటి పడుతుండగా ఆదోని కొండ, కింద ఊరి దీపాలు కనిపించాయి. అప్పుడు బుట్టలో ఫోను మోగింది. ఆగి తీశాను.

"అక్కా, యాడుండావు?"

"ఊరి మొదట్లో. దీపాలు కనబడుతున్నాయి. పందెం నాదే. తెల్లారి లేస్తావు గదా?"

"తెల్లారిదాకా ఎందుకు? పూలకు బజారుకు పోతాండా. ఖాజా వస్తానన్నాడు, వద్దని పంపించేస్తి. వీపు మీద గాలి తోస్తాంది చూడూ, కాళ్లు వాటంతట అవే పడతాండాయి. గాలికి పోతాండానక్కా!"

"వచ్చేటప్పుడు ఎదురొస్తుందే, చూసుకో."

"రానీలే. నువ్వు రాలేదా?"

ఫోను పెట్టమని నేనూ అనలేదు, తనూ పెట్టలేదు. ఎవరో ఎదురై, ఏం సుగుణా నడిచిపోతాండావు అని అడగడం, దానికి ఈమె పొద్దున్నించి జరిగిందంతా, పురోహితుడితో సహా, మొదలుపెట్టి చెప్పడం వినబడుతూనే ఉంది. చెబుతూ నడుస్తోంది. నేను సైకిలు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి, చెవి ఆనించి చివరిదాకా విన్నాను. మాట ఎక్కడా తెగలేదు.